తీసుకోని అప్పుకు రికవరీ ఫోన్లు వస్తుంటే

ప్రశ్న: నేను ఇంటి దగ్గరే టైలరింగ్ చేస్తాను. పది రోజులుగా రోజుకు ఏడెనిమిది ఫోన్లు వస్తున్నాయి. ఏదో యాప్‌లో నేను పర్సనల్ లోన్ తీసుకున్నానట, వడ్డీతో కలిపి 48,600 రూపాయలు కట్టాలట. ఆ యాప్ పేరే నేను వినలేదు. కానీ నా పాన్ నంబరు, పుట్టిన తేదీ సరిగ్గానే చెబుతున్నారు. నిన్న మా మరిదికి ఫోన్ చేసి నా గురించి నానా మాటలూ అన్నారు. వాట్సాప్‌లో లాయర్ నోటీసు పెట్టి, పోలీసులు వస్తారని బెదిరించారు. 'ఈరోజు 5,000 కట్టండి, ఫైలు ఆపేస్తాం' అంటున్నారు. పోనీ కట్టేస్తే పీడ విరగడవుతుంది కదా అని మావారు అంటున్నారు. వచ్చే జూన్‌లో పాప ఇంజినీరింగ్‌కు ఎడ్యుకేషన్ లోన్ పెట్టుకోవాలి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: ఆ 5,000 కట్టకండి. ఐదు వందలు కూడా కట్టకండి. కడితే పీడ విరగడ కాదు, అప్పుడే అసలు మొదలవుతుంది. 'తనది కాకపోతే ఎందుకు కట్టింది?' అని అడగడానికి వాళ్ల చేతికి మీరే ఆధారం ఇచ్చినట్టవుతుంది. కట్టే మనిషి అని తెలిశాక ఫోన్లు పెరుగుతాయి తప్ప తగ్గవు.

పాత బాకీల విషయంలో ఇలా ముందు కొంత కట్టించుకునే 'టోకెన్' సొమ్ము వెనక ఇంకో ప్రమాదం ఉంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం తాకట్టు లేని మామూలు అప్పు వసూలుకు మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ గడువు దాటకముందే బాకీ ఉన్నట్టు సంతకం పెట్టి రాసిచ్చినా, కొంత కట్టి దానికి మీ రాతో సంతకమో ఉన్నా, మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకే 'మీకు వీలున్నంతే వేయండి', 'ఎప్పుడు కడతారో ఒక మెసేజ్ పెట్టండి చాలు' అనే మాటల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ఇక ఫోన్ సంగతి. అవతలి మనిషి ముందు ఉండేది పేరు, నంబరు, బాకీ మొత్తం ఉన్న ఒక పట్టిక, అంతే. ఆ అప్పు నిజంగా ఎవరు తీసుకున్నారో తేల్చే అధికారం అతనికి లేదు. ఎంత వసూలైతే అంత కమిషన్, అతని పని అక్కడితో సరి. అందుకే అతనికి నచ్చజెప్పాలని చూడకండి, ఏడవకండి, తిట్టకండి. ఒక్కసారి ఇలా చెప్పండి: 'ఈ అప్పు నేను తీసుకోలేదు. మీ పేరు, మీ ఏజెన్సీ పేరు, ఏ బ్యాంకు లేదా ఏ ఫైనాన్స్ కంపెనీ తరఫున మాట్లాడుతున్నారో, లోన్ అకౌంట్ నంబరు ఎంతో చెప్పండి. మిగతాదంతా కంపెనీతో రాతలో మాట్లాడతాను.' చెప్పింది రాసుకుని పెట్టేయండి. 'చూద్దాం', 'కొంచెం టైమివ్వండి', 'మావారితో మాట్లాడి చెబుతా' లాంటి మాటలు మీ నోటి నుంచి రాకూడదు. వాళ్ల రికార్డుల్లో అవి 'కడతానని మాటిచ్చింది' అని ఎక్కుతాయి, మర్నాటి నుంచి ఫోన్లు ఆ మాట పట్టుకునే వస్తాయి.

వెరిఫికేషన్ కోసమని ఆధార్ నంబరు, ఓటీపీ, సెల్ఫీ, బ్యాంకు పాస్‌బుక్ ఫొటో అడిగితే ఇవ్వొద్దు. లింకు నొక్కొద్దు, స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోవద్దు. పాన్ నంబరు, పుట్టిన తేదీ సరిగ్గా చెప్పారని మీరు కంగారు పడ్డారు, అది సహజమే. కానీ అవి తెలిసినంత మాత్రాన అప్పు మీదైపోదు. సిమ్ కార్డుకు, గ్యాస్ కనెక్షన్‌కు, చిట్‌ఫండ్‌కు, ఎప్పుడో పెట్టిన లోన్ దరఖాస్తుకు మనం ఇచ్చిన జిరాక్సులు ఎన్ని చేతులు మారతాయో మనకు తెలియదు.

ఒక నోటుబుక్ పెట్టి ప్రతి ఫోన్‌కూ తేదీ, సమయం, నంబరు, ఏమన్నారో ఒక వాక్యం రాసుకోండి. వాట్సాప్ మెసేజీలు తీసేయకండి. కాల్ రికార్డు చేస్తే అది మొదట ఏ ఫోన్‌లో రికార్డయిందో ఆ ఫోన్‌ను అమ్మేయడం, రీసెట్ చేయడం చేయకండి. రేపు కోర్టుకు చూపించాల్సి వస్తే ఆ రికార్డింగు అసలుదేనని రాసిచ్చే సర్టిఫికెట్‌తో పాటు అసలు ఫైలు ఎక్కడిదో కూడా అడుగుతారు.

ఇప్పుడు అసలు పని. మీ పేరు మీద ఏమేం అప్పులు నమోదై ఉన్నాయో మీరే చూసుకోవాలి. మన దేశంలో ఆర్‌బీఐ అనుమతి ఉన్న క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటి నుంచీ తీయండి, ఒక్క సిబిల్‌తో ఆగిపోకండి. ఒకచోట లేనిది ఇంకోచోట ఉండొచ్చు. 'ఫ్రీ స్కోర్' చూపించే ప్రకటనల యాప్‌ల జోలికి పోకుండా ఆ సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే తీసుకోండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ఓటీపీ మీకు రాకుండా ఎటో పోతోందంటే, మీ రికార్డులో ఎవరిదో మొబైల్ నంబరు ఎక్కిందని అనుమానించాలి. అప్పుడు గుర్తింపు పత్రాలతో ఆ సంస్థకు రాసి తెప్పించుకోవాలి. ఆ విషయమే రేపు మీ ఫిర్యాదుకు బలమవుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక స్కోరు సంగతి పక్కన పెట్టి ఖాతాల పట్టిక చూడండి. ప్రతి ఖాతాకూ అప్పిచ్చిన సంస్థ పేరు, ఖాతా రకం, తెరిచిన తేదీ, మంజూరైన మొత్తం, మిగిలిన బాకీ, గడువు దాటిన మొత్తం ఉంటాయి. 'ఓనర్‌షిప్' అనే గడి ముఖ్యం. అందులో ఇండివిడ్యువల్ అని ఉందా, జాయింట్ అని ఉందా, గ్యారంటర్ అని ఉందా చూడండి. తర్వాత చిరునామాలు, ఫోన్ నంబర్ల భాగం. మీకు సంబంధం లేని ఊరు, తెలియని నంబరు అక్కడ కనిపిస్తే దొంగ దరఖాస్తు అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. చివర్లో ఎంక్వైరీల పట్టిక ఉంటుంది. మీరు అడగని లోన్ కోసం ఏ తేదీన ఏ సంస్థ మీ రిపోర్టు తీసిందో అందులో ఉంటుంది. ఈ మధ్య తేదీలతో తెలియని ఎంక్వైరీలు వరసగా ఉంటే ఇంకో అప్పు తయారవుతోందన్నమాట. ఆ సంస్థలకు అదే రోజు మెయిల్ పెట్టండి. రిపోర్టు మీద ఉండే కంట్రోల్ నంబరు లేదా రిపోర్టు నంబరు రాసుకోండి, సవరణ అడిగేటప్పుడు కావాలి.

పేరు చూసి మోసపోకండి. యాప్ పేరు ఒకటి ఉంటుంది, దాని వెనక డబ్బిచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరు వేరే ఉంటుంది. రిపోర్టులో రెండోదే కనిపిస్తుంది. అప్పును వసూలు కోసం, మొండి బాకీలు కొనే ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి అమ్మేసి ఉంటే మూడో పేరు కూడా రావొచ్చు. పేరు తెలియదు కాబట్టి అప్పు మనది కాదని ముందే తీర్మానించకుండా తెరిచిన తేదీ, మొత్తం చూడండి. ఆ తేదీల్లో ఫ్రిజ్జో ఫోనో వాయిదాల మీద కొన్నారా? షాపింగ్ యాప్‌లో 'తర్వాత చెల్లించండి' అన్న సదుపాయం ఆన్ చేశారా? వాడని క్రెడిట్ కార్డు వార్షిక ఫీజు పెరిగి పెద్దదైందా? బంధువుకు షూరిటీ సంతకం పెట్టారా? షూరిటీ పెట్టి ఉంటే కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ కింద అప్పు తీసుకున్నవారితో సమానంగా బాధ్యత ఉంటుంది, అది వేరే దారి. మీవారిని కూడా అడగండి. మీ పాన్, మీ ఫోన్ వాడి ఇంట్లోవాళ్లే ఎవరైనా తీసుకున్నారేమో నిదానంగా కనుక్కోండి. ఫిర్యాదు పెట్టాక తెలిస్తే ఇబ్బంది పడేది మీరే.

మన ప్రాంతపు పేర్లతో ఇంకో చిక్కు తరచుగా వస్తుంది. ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరంగా, ఒకచోట పూర్తిగా, ఒకచోట చివర్లో ఉంటుంది. అదే పేరు, దగ్గరి పుట్టిన తేదీ ఉన్న ఇంకొకరి ఖాతా మన రికార్డులో కలిసిపోతుంది. పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టినా ఇదే జరుగుతుంది. ఇది మోసం కాదు, పొరపాటు. అప్పిచ్చిన సంస్థ దగ్గరున్న పాన్ కాపీ, చిరునామా మీవాటితో పోల్చమని రాస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది.

నాలుగు రిపోర్టుల్లోనూ ఈ అప్పు లేకపోతే మూడు అవకాశాలున్నాయి. పూర్తిగా నకిలీ వసూలు ముఠా కావొచ్చు. ఆర్‌బీఐ నమోదు లేని యాప్ కావొచ్చు. లేదా అప్పు మరీ కొత్తదై ఇంకా రిపోర్టుకు ఎక్కకపోయి ఉండొచ్చు. 2025 జనవరి నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కనీసం పక్షానికొకసారి వివరాలు పంపాలి కాబట్టి నెల తర్వాత మళ్లీ చూస్తే ఆ మూడో అనుమానం తీరుతుంది. మీ కేసులో బాకీ గడువు దాటిందని అంటున్నారు కాబట్టి నిజమైన సంస్థ ఇచ్చిన అప్పయితే ఇప్పటికే కనిపించాలి. ఎక్కడా లేకపోతే ఫోన్ చేసేవాళ్లతో మీకు ఏ పనీ లేదు. నంబర్లను టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో, బెదిరింపులను సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. నమోదు లేని యాప్ అయితే ఆర్‌బీఐ వారి సచేత్ పోర్టల్‌లో కూడా పెట్టొచ్చు. నమోదైన సంస్థలు నడిపే లోన్ యాప్‌ల జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లోనే ఉంది, అందులో ఈ యాప్ పేరు వెతకండి.

రిపోర్టులో ఉంటే ఆ సంస్థకు ఉత్తరం రాయాలి. ఏజెంటుకు కాదు, యాప్ చాట్‌లో కాదు. సంస్థ సొంత వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ అధికారి, నోడల్ అధికారి ఈమెయిల్ ఉంటాయి. నెట్‌లో వెతికితే వచ్చే కస్టమర్ కేర్ నంబర్లను నమ్మకండి, అందులో మోసగాళ్లు పెట్టినవి కూడా ఉంటాయి. మెయిల్ పంపండి, అదే ప్రింటు తీసి స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచండి. ఇలా రాయొచ్చు:

'విషయం: ఫలానా నంబరు లోన్ ఖాతా నాది కాదు. ఈ అప్పుకు నేను దరఖాస్తు చేయలేదు. ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు. డబ్బు నాకు అందలేదు. నా వివరాలను ఎవరో దుర్వినియోగం చేశారని ఫిర్యాదు చేస్తున్నాను. దరఖాస్తు, అందులో ఇచ్చిన మొబైల్ నంబరు, ఈమెయిల్, చిరునామా, కేవైసీ కాపీలు, తీసిన సెల్ఫీ లేదా వీడియో, సంతకమైన ఒప్పందం, డబ్బు వేసిన బ్యాంకు ఖాతా నంబరు, తేదీ, యూటీఆర్ నంబరు, ఇప్పటిదాకా ఉన్న ఖాతా స్టేట్‌మెంటు పంపండి. ఈ ఫిర్యాదు తేలేదాకా వసూలు ఆపి, కేసును ఏజెన్సీ నుంచి వెనక్కి తీసుకోండి. ఈ ఖాతాను, దానికి సంబంధించిన ఎంక్వైరీని నాలుగు క్రెడిట్ సంస్థల రికార్డుల నుంచి తొలగించండి. ఈ ఉత్తరం బాకీని ఒప్పుకోవడం కాదు.'

చివరి వాక్యం మర్చిపోవద్దు. వీటన్నిటిలో మీ కేసును తేల్చేది యూటీఆర్ నంబరు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వెళ్లినప్పుడు బ్యాంకు వేసే గుర్తింపు సంఖ్య అది. 2022 నుంచి ఉన్న ఆర్‌బీఐ డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అప్పు డబ్బు నేరుగా అప్పు తీసుకున్నవారి బ్యాంకు ఖాతాలోనే పడాలి. మీ ఖాతాలన్నిటి స్టేట్‌మెంట్లు ఆ తేదీకి ముందూ వెనకా ఒక నెల తీసి చూడండి. ఆ మొత్తం మీకు రాలేదంటే, వాళ్లు ఇంకెవరి ఖాతాలో వేశారో వాళ్లే చెప్పాలి. పోలీసులకూ దొంగను పట్టుకునే దారి ఆ ఖాతానే. వస్తువు కొనుగోలు లోన్ అయితే డబ్బు షాపుకు వెళుతుంది. అప్పుడు యూటీఆర్‌తో పాటు బిల్లు, వస్తువు సీరియల్ లేదా ఐఎంఈఐ నంబరు, డెలివరీ చేసిన చిరునామా అడగండి.

ఒక్కోసారి 'డబ్బు మీ పేరున్న ఖాతాలోనే వేశాం' అని జవాబొస్తుంది, ఆ బ్యాంకులో మీకు ఖాతాయే ఉండదు. అంటే దొంగ మీ పత్రాలతో ఖాతా కూడా తెరిచాడు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అయి ఏఐఎస్ (ఏడాది ఆదాయ, లావాదేవీల పట్టిక) తీస్తే, మీ పాన్ మీద వడ్డీ జమ చేసిన బ్యాంకుల పేర్లు కనిపిస్తాయి. తెలియని బ్యాంకు ఉంటే దానికీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఖాతా స్తంభింపజేయమని, తెరిచిన ఫారం, కేవైసీ భద్రపరచమని అడగండి.

సంస్థ జవాబు కోసం ఎదురుచూస్తూ పోలీసు ఫిర్యాదు ఆపకండి. నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో లేదా 1930కి ఫోన్ చేసి నమోదు చేయించి, ఆ నంబరు కాగితంతో మీ పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఆన్‌లైన్‌లో వచ్చిన నంబరే ఎఫ్ఐఆర్ అనుకుని చాలామంది ఆగిపోతారు. అది కాదు, ఎఫ్ఐఆర్ వేరుగా నమోదు కావాలి. ఫిర్యాదులో మీరు సెక్షన్లు రాయాల్సిన పని లేదు గానీ ఏవి వర్తిస్తాయో తెలిసి ఉండటం మంచిది. వేరేవాళ్ల గుర్తింపు వివరాలు వాడినందుకు ఐటీ చట్టంలో 66సీ, కంప్యూటర్ ద్వారా ఆ మనిషిలా నటించి మోసగించినందుకు 66డి. భారతీయ న్యాయ సంహితలో వేషధారణతో మోసానికి 319, ఫోర్జరీకి 336. ఫోన్లో బెదిరించినవాళ్లకు 351. స్టేషన్‌లో తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173 ప్రకారం ఫిర్యాదును ఎస్పీకి, కమిషనరేట్ అయితే కమిషనర్ ఆఫీసుకు పోస్టులో పంపొచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించొచ్చు. లాయర్ ఖర్చు భరించలేమనుకుంటే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

అప్పిచ్చిన సంస్థకు రాసిన రోజే క్రెడిట్ సంస్థల వెబ్‌సైట్లలోనూ 'డిస్ప్యూట్' (నమోదు తప్పని అభ్యంతరం) పెట్టండి. ఏ సంస్థ రిపోర్టులో ఉందో ఆ ప్రతి సంస్థ దగ్గరా వేరువేరుగా పెట్టాలి. క్రెడిట్ సంస్థ తనంతట తాను ఖాతాను తీసేయదు, అప్పిచ్చిన సంస్థ ఔనంటేనే మారుస్తుంది. అందుకే రెండు వైపులా ఒకేసారి కదపాలి. 2023 అక్టోబరు 26న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ఇక్కడ మీకు అక్కరకొస్తుంది. ఫిర్యాదు పెట్టిన 30 రోజుల్లోపు పరిష్కరించకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు పరిహారం ఇవ్వాలి. ఆ 30 రోజుల్లో అప్పిచ్చిన సంస్థకు 21 రోజులు గడువు. ఆలస్యం ఎవరిదైతే వాళ్లే ఇవ్వాలి. ఫిర్యాదు నంబరు, తేదీ దాచుకోమని చెప్పేది ఇందుకే. అవి లేకపోతే లెక్క ఎక్కడి నుంచి మొదలైందో చూపించలేరు.

30 రోజులు గడిచినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు తృప్తిగా లేకపోతే ఆలస్యం చేయకుండా, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ ఆంబుడ్స్‌మన్‌కు ఆర్‌బీఐ వారి ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. సందేహాలకు 14448. ముందు సంస్థకు రాసిన రుజువు జత చేయకపోతే అక్కడ తీసుకోరు, నేరుగా వెళ్లినవాళ్ల ఫిర్యాదులు ఎక్కువగా తిరిగొచ్చేది ఈ కారణంతోనే. క్రెడిట్ సంస్థల మీద కూడా అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. పోలీసు కేసు నడుస్తున్నంత మాత్రాన ఆంబుడ్స్‌మన్ దారి మూసుకుపోదు.

ఏజెంట్ల ఆగడాల విషయంలో 2022 ఆగస్టు 12న ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. మాటలతోగానీ చేతలతోగానీ బెదిరించకూడదు. కుటుంబసభ్యుల, స్నేహితుల జోలికి పోయి నలుగురిలో పరువు తీయకూడదు. పేరు చెప్పకుండా ఫోన్ చేయకూడదు. మీ మరిదికి చేసిన ఫోన్ ఒక్కటే ఈ నిబంధనకు పూర్తి విరుద్ధం. ఆయన ఆ నంబరు, సమయం రాసి మీకు ఇస్తే మీ ఫిర్యాదుకు జత చేయండి. ఆయనకు ఒక మాట ధైర్యంగా చెప్పండి: ఎవరో తన నంబరు రెఫరెన్సుగా రాసుకున్నంత మాత్రాన ఆయన ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. ఏజెంటు ఏం చేసినా బాధ్యత అప్పిచ్చిన సంస్థదే, 'అది బయటి ఏజెన్సీ అండీ' అని సంస్థ చేతులు దులుపుకోలేదు. ఫిర్యాదు తేలేదాకా కేసును ఏజెన్సీకి పంపకూడదని కూడా బ్యాంకులకు 2008 నుంచి ఆదేశం ఉంది.

ఇంటికొస్తే గుమ్మం దగ్గరే నిలబెట్టి గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికార పత్రం అడిగి ఫొటో తీసుకోండి. అవి లేకపోతే మాట్లాడాల్సిన పనే లేదు. మీరు రమ్మంటే తప్ప లోపలికి రాకూడదు. మీ కుట్టుమిషను, ఫోను, ఏదీ ముట్టుకునే హక్కు లేదు, తాకట్టు లేని అప్పుకు జప్తు కోర్టు ఉత్తర్వుతోనే జరగాలి. గొడవ చేస్తే 112కు ఫోన్ చేయండి. 'ఊరికే వచ్చినట్టు సంతకం పెట్టండి మేడమ్' అని విజిట్ ఫారం ఇస్తారు. అందులో ఎప్పుడు కడతారనే గడి ఉంటుంది. సంతకం పెట్టకండి.

వాట్సాప్ నోటీసు గురించి. లాయర్ నోటీసు అంటే లాయర్ రాసిన ఉత్తరం, కోర్టు ఉత్తర్వు కాదు. అప్పు కట్టకపోవడం సివిల్ వ్యవహారం, దానికి పోలీసులు వచ్చి పట్టుకుపోరు. చెక్ బౌన్స్ కేసు సంగతి వేరు, మీరు చెక్కే ఇవ్వలేదు కదా. పోలీసులు విచారణకు పిలిచే బీఎన్ఎస్ఎస్ 35 నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. 'వారెంట్' అని ఏజెంటు పంపే ఫొటో ఎక్కడిదైనా, కోర్టు కేసు నిజంగా ఉంటే దానికి 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి చూస్తే ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది.

అయితే అన్ని కాగితాలనూ నకిలీ అని పక్కన పడేయకండి. ఇక్కడ నష్టపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. లాయర్ నోటీసు నిజమైనదైతే అప్పు నాది కాదని, ఫిర్యాదు నంబర్లతో సహా రాతలో జవాబివ్వండి. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి విచారణ) నోటీసు వస్తే వెంటనే అభ్యంతరం రాసి పంపాలి. వెళ్లకపోతే ఏకపక్షంగా అవార్డు (మధ్యవర్తి తీర్పు) ఇచ్చేస్తారు, దాన్ని కోర్టు డిక్రీలాగే, అంటే కోర్టు తీర్పులాగే, అమలు చేయొచ్చు. దాన్ని సవాలు చేయడానికి మూడు నెలలే గడువు. లోక్ అదాలత్ నోటీసు వస్తే భయపడాల్సిందేమీ లేదు, వెళ్లి 'అప్పు నాది కాదు' అని చెప్పి రండి. మీ ఒప్పుదల లేకుండా అక్కడ ఏమీ తేలదు. కానీ 'సగానికి సెటిల్ చేసుకోండి' అన్నారని రాజీ పత్రం మీద సంతకం పెడితే మాత్రం అది డిక్రీ అవుతుంది, దానిమీద అప్పీలు లేదు. కోర్టు నుంచి సమ్మన్లు వస్తే అదే రోజు లాయర్‌ను కలవండి. త్వరగా తేల్చే సమ్మరీ దావా అయితే హాజరు వేయడానికి పది రోజులే ఉంటాయి.

సంస్థ తప్పు ఒప్పుకున్నాక ఏ కాగితం తీసుకుంటున్నారో చూసుకోండి. చాలాచోట్ల 'నో డ్యూస్ సర్టిఫికెట్' ఇచ్చి పంపేస్తారు. దాని అర్థం అప్పు మీదే, తీరిపోయింది అని. రిపోర్టులో 'క్లోజ్డ్' అని మారినా ఆలస్యమైన వాయిదాల మచ్చ అలాగే ఉంటుంది. 'సెటిల్డ్' అని రాస్తే ఇంకా చేటు, పూర్తిగా కట్టలేక తగ్గించుకున్నారని ప్రతి బ్యాంకూ చదువుకుంటుంది. మీకు కావాల్సింది 'ఈ ఖాతా ఈమెది కాదు, ఈమెకు ఎలాంటి బాధ్యత లేదు, క్రెడిట్ రికార్డుల నుంచి తొలగిస్తున్నాం' అనే ఉత్తరం. ఖాతా పూర్తిగా తీసేయాలి, దాని ఎంక్వైరీ కూడా పోవాలి.

ఎడ్యుకేషన్ లోన్ విషయానికొస్తే, తల్లి లేదా తండ్రి సహ దరఖాస్తుదారుగా ఉంటారు, వాళ్ల క్రెడిట్ రిపోర్టు బ్యాంకు చూస్తుంది. జూన్‌కు మీది శుభ్రం కావాలంటే ఈ వారమే మొదలుపెట్టండి. అప్పటికి తేలకపోతే మీవారిని సహ దరఖాస్తుదారుగా పెట్టొచ్చు, ఆయన రిపోర్టు కూడా ఇప్పుడే తీసి చూడండి. మీ పేరే పెట్టాల్సి వస్తే బ్యాంకువాళ్లు రిపోర్టు తీసేదాకా ఆగకుండా, దరఖాస్తుతోనే ఎఫ్ఐఆర్ కాపీ, డిస్ప్యూట్ నంబర్లు, సంస్థకు రాసిన ఉత్తరం జత చేసి మేనేజర్‌కు ముందే వివరించండి. ముందు చెప్పిన అభ్యర్థిని వినేందుకు మేనేజర్లు సిద్ధంగా ఉంటారు, రిపోర్టులో తామే కనిపెడితే వినరు.

దొంగ చేతిలో మీ వివరాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్ లాక్ చేయండి. ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో గత ఆరు నెలల చరిత్ర ఆధార్ జారీ చేసే ఉడాయ్ సంస్థ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది, మీరు వాడని రోజులుంటే ఆ పేజీ ఫిర్యాదుకు జత చేయండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీలో చూసి, మీవి కానివి 'నాది కాదు' అని నొక్కండి. ఇకపై జిరాక్స్ ఇచ్చేటప్పుడు అంకెల మీదుగా దేనికోసమో, ఏ తేదీనో పెన్నుతో అడ్డంగా రాసివ్వండి. ఖాతా తొలగించామని ఉత్తరం వచ్చిన నెలన్నరకు నాలుగు రిపోర్టులూ మళ్లీ తీయండి. ఈ ఏడాది ఉచిత రిపోర్టు వాడేసి ఉంటే డబ్బు కట్టైనా తీయండి, ఎందుకంటే ఒకచోట తీసేసి మిగతా చోట్ల వదిలేయడం మామూలే. ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ ఉత్తరం జత చేసి ఆ ఒక్క సంస్థకు మళ్లీ డిస్ప్యూట్ పెడితే సరిపోతుంది.